కుసుమ ముళ్లు ఎవరి చేతికి?

బంతి, చామంతి, పొద్దుతిరుగుడు మనకు తెలిసిన పూలే. ఆ కుటుంబంలోదే కుసుమ. కానీ దాన్ని జడలో తురుముకునేవాళ్లు లేరు. బతుకమ్మలో పేర్చుదామా అంటే, ఆ పండుగ నాటికి కుసుమ గింజ ఇంకా విత్తనాల మూటలోనే ఉంటుంది. వానలు వెనకబట్టాక నల్లరేగడిలో విత్తితే, సంక్రాంతి రోజుల్లో పసుప్పచ్చగా విరిసి, వాడేటప్పుడు ఎర్రబడుతుంది. పువ్వు చుట్టూ అన్నీ ముళ్లే!

పటాన్‌చెరు కంపెనీలన్నీ దాటి ముంబయి రోడ్డున జహీరాబాద్ వైపు వెళ్తే, సంగారెడ్డి జిల్లాలో ఈ పంట కనిపించే నేలలు వస్తాయి. ఎకరానికి నాలుగు కిలోల విత్తనం చాలు. తల్లివేరు లోతుకు దిగి, నేలలో మిగిలిన తేమనే తాగి నాలుగు నెలల్లో పంటకొస్తుంది. బోరు అక్కర్లేదు. జొన్న, శనగ చేలచుట్టూ నాలుగు సాళ్లు వేస్తే పశువులు లోపలికి మూతి పెట్టవు. లేతాకు కూరకొస్తుంది. జిల్లాలో పారే మంజీర పేరు పెట్టుకున్న కుసుమ రకమే ఒకటుంది. గుండెకు మంచిదంటూ పట్నం దుకాణాల్లో సీసాలకెక్కిన నూనె ఈ గింజదే. వంటనూనెల్లో సగానికి పైగా బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్న మనం ఇలాంటి పంటను దండగమారిదంటే నేనొప్పుకోను.

మరెందుకు వదిలేస్తున్నారు? ముల్లు వల్ల. ఆకులు ఎండి గోధుమరంగుకు తిరిగాక కోత. ఎండ ఎక్కితే ముల్లు గట్టిపడుతుంది కాబట్టి, మంచుకు మెత్తగా ఉండగానే, తెల్లవారుజామున కొయ్యాలి. చేతులకు, కాళ్లకు గుడ్డలు చుట్టుకుని వంగి కోసేది ఆడవాళ్లే. ఇంట్లో పొయ్యి రాజేసే వేళకు చేలో ఉండాలన్నమాట. ఆ కూలికి మంటకు మందైనా వస్తుందా?

ముళ్లు లేని కుసుమ లేకపోలేదు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ 'నారి-6' అనే రకం తెచ్చింది. గింజ కట్టాక వాడిన రేకులు ఏరుకుంటే గింజకు నష్టం ఉండదు, రేకులు రంగుకూ మందులకూ అమ్ముడుపోతాయి. (గర్భిణులు మాత్రం ఈ రేకుల కషాయం జోలికి పోవద్దు.) ఇలాంటి విత్తనం గురించి చెప్పేటప్పుడు పట్టాదారు మగవాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెడితే లాభం లేదు. ముల్లు గుచ్చుకునేది ఎవరికో వాళ్లను పిలవాలి. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మెట్టచేలల్లో పాతపంటలను కలగలిపి సాగుచేసి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి తెచ్చుకున్నాయి. విత్తనం ఆడవాళ్ల చేతిలో ఉంటే ఏమవుతుందో ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ నేలకే కొత్త చిక్కు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా భూమిలో పారిశ్రామిక మండలి తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. కంపెనీలు రావద్దని నేననను, మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కానీ పటాన్‌చెరు చూసినవాళ్లం. నక్కవాగు నీళ్ల గొడవ 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. ఆ వాగు కలిసేది మంజీరలోనే.

ఇక పరిహారం. పట్టా భర్త పేరున ఉంటే చెక్కూ ఆయన పేరునే. కుసుమ కోసిన కూలి మనిషి లెక్కలోకి వస్తుందా? 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సొంత భూమి లేకున్నా, అంతకుముందు మూడేళ్లుగా ఆ ఊళ్లో పనిచేస్తూ దానిమీదే ముఖ్యంగా బతికిన కూలీల కుటుంబం, కౌలుదారు కుటుంబం కూడా బాధిత కుటుంబమే. వితంతువులు, విడాకులు పొందినవారు, ఇంటివాళ్లు వదిలేసిన స్త్రీలు ఎవరికి వారు వేరే కుటుంబం కింద లెక్క. అమ్మలూ, అక్కలూ, మీ ఊళ్లో సర్వే జాబితా చదివేనాడు గ్రామసభకు మీరే వెళ్లండి. పేరు లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి, కాగితం మీద రసీదు తీసుకోండి.