సామాన్లలో సీసా

మా తుర్కపల్లికి జీనోమ్ వ్యాలీ ఉద్యోగాల మీద విదేశాల నుంచి కాపురం ఎత్తుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో ఇలా మకాం మార్చేవాళ్ళకి వాషింగ్ మెషిన్ లాంటి ఇంటి సామాను మీద సుంకంలో రాయితీ ఇచ్చారు గానీ వైన్‌కి ఇవ్వలేదు. తలా రెండు లీటర్లే, మించితే సుంకం. దాంతో శ్రీవారి సీసాలు శ్రీమతి పెట్టెలోకి చేరతాయి! లెక్క తప్పితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆవిడే.

రాష్ట్రాల సరిహద్దులో మరో తంతు. 2020లో తెలంగాణ నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంటే, పర్మిట్ ఉండాలని ప్రభుత్వం అదే ఏడాది మెలిక పెట్టింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాని తరిమారు. 1995లో సంపూర్ణ నిషేధమూ వచ్చింది, 1997లో పోయింది. నిషేధం ఉన్నన్నాళ్ళూ పక్క రాష్ట్రాల సీసాలు దొంగదారిన వస్తూనే ఉన్నాయి.

ఏ సరిహద్దయినా సరే, మీ పేరున వెళ్ళే పెట్టెలో ఏముందో సంతకానికి ముందే చూసుకోండమ్మా.