ఫైటు ఉంటే క్లాసిక్ కాదా?

‘ఒక్క ఫైటు కూడా లేదు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.’ తెలుగు లోగిళ్లలో ఒక సినిమాకి దక్కే అతిపెద్ద మెచ్చుకోలు ఇదే. క్లాసిక్కులు చెప్పమంటే ‘మిస్సమ్మ’, ‘శంకరాభరణం’ అని వేళ్లు మడుస్తారు. దెయ్యం సినిమా పిల్లల్ని జడిపించే కాలక్షేపమట. యాక్షన్ నేల టికెట్టు సరుకట. పత్రికల్లో రాసే పెద్దల నుంచి పక్కింటి మేష్టారి దాకా ఒప్పుకునే ఈ అంతస్తుల లెక్క వినడానికి మర్యాదగానే ఉంటుంది.

అయితే ‘పాతాళ భైరవి’ని ఏ గదిలో పెడతారు? 1951 నాటి ఆ సినిమాని క్లాసిక్ కాదనే ధైర్యం ఎవరికీ లేదు. కథ మాత్రం ఒక్కసారి నెమరేసుకోండి. తోట రాముడనే సాహసవంతుడైన కుర్రాణ్ణి బలిచ్చి శక్తి సంపాదించాలని చూసే మాంత్రికుడు, పాతాళ గుహలో నిలువెత్తు అమ్మవారు, చివరి క్షణంలో తారుమారై మాంత్రికుడి మీదే పడిన కత్తి, చచ్చినవాణ్ణి సంజీవనితో లేపుకొచ్చే శిష్యుడు. ఇది అచ్చమైన హారర్ సరంజామా. అందులోంచి భయాన్ని తీసేస్తే తోట రాముడి సాహసానికి విలువేముంది? మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు కళ్లలో ఆ చలి లేకపోతే సినిమాలో సగం లేనట్టే. పాటలూ హాస్యమూ ఉన్నాయి కాబట్టి మనవాళ్లు దాన్ని జానపదం అని పిలుచుకుని ఊరట చెందారు. అంతే తేడా.

బయటి దేశాల్లోనూ ఈ చిన్నచూపు ఉండేది. 1960లో వచ్చిన ‘సైకో’ని తీస్తానని హిచ్‌కాక్ అన్నప్పుడు పారామౌంట్ సంస్థ మొహం చిట్లించింది. ఆయన తన టీవీ కార్యక్రమం బృందాన్నే పెట్టుకుని, దాదాపు 8 లక్షల డాలర్లతో, నలుపు తెలుపుల్లో ముగించాడు. స్నానాల గదిలో హత్య తెర మీద ముప్పావు నిమిషం. తీయడానికి 7 రోజులు పట్టింది. నెత్తురు బదులు చాక్లెట్ సిరప్ వాడారు. అక్కడ సంగీతమే వద్దని మొదట హిచ్‌కాక్ అన్నాడు. బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లను కీచుమనిపించాడు, ఆ కీచే ఇప్పటికీ వెంటాడుతోంది. న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు బాస్లీ క్రౌథర్ మొదట పెదవి విరిచాడు. ఏడాది చివర్లో అదే సినిమాని తన ఉత్తమ చిత్రాల పదింటిలో చేర్చుకున్నాడు. తప్పు దిద్దుకోవడానికి ఆయనకి కొన్ని నెలలే పట్టాయి, మనం ఇంకా మొదటి సమీక్ష దగ్గరే ఉన్నాం.

ఇక యాక్షన్. 1989లో వచ్చిన ‘శివ’లో జనం మొదట గుర్తు చేసుకునేది సైకిల్ చైన్. అది దెబ్బ గొప్పదనం కాదు, దెబ్బకి ముందున్న నిదానం. కాలేజీ కుర్రాడు శివ ఎంతవరకు ఓర్చుకుంటాడో చూసి చూసి, చెయ్యి చైన్ మీదికి వెళ్లేసరికి హాలు ఊపిరి బిగబట్టింది. అన్న కూతుర్ని సైకిల్ మీద ఎక్కించుకుని శివ పారిపోతుంటే స్టెడీకామ్ కెమెరా వెంటపడుతుంది. గూండా నాయకుడు భవానీగా రఘువరన్ గొంతు పెంచకుండానే వణికిస్తాడు. అక్షరం ముక్క ఉపదేశం లేకుండా, కాలేజీని గూండాలు ఎలా మింగేస్తారో ఆ ఫైట్లే చెప్పాయి.

చెత్త లేదా అంటే బోలెడుంది. చిటికేస్తే పది సుమోలు గాల్లోకి లేచే సినిమాలూ, తలుపు కిర్రుమంటే చాలు డప్పు మోగించే దెయ్యాలూ ఏడాదికెన్నో. ఆ మాటకొస్తే ఉల్లిపాయ కోసినట్టు ఏడిపించే కుటుంబ కథలు తక్కువేం కాదు. వాటిని చూసి ఎవరూ కుటుంబ చిత్రాల జాతినే వెలివేయలేదు.

పురస్కారాల్లోనూ ఇదే చిన్నచూపు. మన దేశంలో జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. ఫైట్ మాస్టర్ పనితనానికి అందులో చోటు దొరికింది 2017లో. ‘మగధీర’ ఫైట్లతో మనకి బాగా తెలిసిన పీటర్ హెయిన్ మలయాళ ‘పులిమురుగన్’కి ఆ పురస్కారం అందుకున్నాడు. ఎముకలు విరగ్గొట్టుకునే పని కళే అని ఒప్పుకోవడానికి 63 ఏళ్లు! ఆస్కార్ వాళ్లు మనకన్నా బద్ధకస్తులు. 2027 సినిమాల నుంచి స్టంట్లకీ అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో గానీ చెప్పలేదు. ఆ ప్రకటనతో పాటు వదిలిన బొమ్మలో మూడు సినిమాల దృశ్యాలుంటే, అందులో ఒకటి ‘ఆర్‌ఆర్‌ఆర్’. దాన్ని ఫోన్లో పదిమందికీ పంపి మురిసిపోయిన ఇళ్లలోనే, ఆదివారం మధ్యాహ్నం ఫైట్లు లేని సినిమా కోసం రిమోట్ ఇంకా వెతుకుతోంది.