ఒక గంట ఖాళీగా ఉంచండి

పిల్లలూ! ఈ ఏడు మీ బడిలో విహారయాత్ర ఉందా? అనంతగిరి మండలం పిల్లలైతే తెల్లవారుజామునే లేచి, కోదాడ దగ్గర 65వ జాతీయ రహదారి పట్టుకోవాలి. సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల, చౌటుప్పల్ దాటాక, హైదరాబాదు ఇంకా రాకముందే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. 1996లో ఏర్పడిన ఈ సినిమా నగరం ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. సెట్లు, ఆటలు, ప్రదర్శనలు, పక్షుల పార్కు... చూడవలసినవి ఎన్నో! రానూ పోనూ బస్సులో గడిచే వేళ తీసేస్తే మీ చేతిలో మిగిలేది ఏ ఆరేడు గంటలో. మిరప ఏరి, పత్తి తీసి సంపాదించిన కూలి డబ్బుల్లోంచి అమ్మానాన్నలు టికెట్టు కొనిపెట్టి ఉంటారు. మళ్ళీ ఎప్పుడు వస్తారో తెలియదు. మరి ఆ ఆరేడు గంటలు ఎలా గడపాలి?

ఒకసారి ఒక బడి పిల్లలతో నేనూ ఇలాంటి యాత్రకు వెళ్ళాను. (ఏ బడో, ఎక్కడికో చెప్పను!) వెంట వచ్చిన సారు పావుగంటకొక పని చొప్పున పట్టిక వేసి తెచ్చారు. ఒక కోట బొమ్మ దగ్గర ఎనిమిదో తరగతి అమ్మాయి ఆగిపోయింది. ఎదుటినుంచి చూస్తే రాతిగోడ. పక్కకు వెళ్ళి చూస్తే కర్రలు, గోనెగుడ్డ, పైన సున్నపు పూత. "సార్, రాయి కాకపోతే ఇది వానకు ఎట్లా నిలిచింది?" అని అడిగింది. జవాబు వచ్చేలోగా ఈల మోగింది. ఆ రోజు నేను విన్న వాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న అది. పట్టికలో దానికి చోటు లేదు! పోనీ, పట్టికైనా నెరవేరిందా? సాయంత్రానికి చివరి మూడు పనులు ఎగిరిపోయాయి.

ఎందుకలా జరిగింది? పది పనులను ఖాళీ లేకుండా ఒకదాని వెంట ఒకటి పెట్టుకున్నారనుకోండి. ఒక్కొక్కదానికి 10 నిమిషాలు ఎక్కువ పడితే మొత్తం 100 నిమిషాలు! "ఒకచోట ఆలస్యమైతే ఇంకోచోట తొందరగా అవుతుంది కదా?" అంటారేమో. అలా కాదు. 12 గంటల ప్రదర్శనకు 10 నిమిషాలు ముందే వెళ్ళినా అది మొదలయ్యేది 12కే. మిగిలిన నిమిషాలు ఊరికే కూర్చోవడంతో సరి. ఆలస్యమైన నిమిషాలు మాత్రం తర్వాతి పని నెత్తిన పడతాయి.

దీన్ని లెక్కగట్టే శాస్త్రం ఉంది. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ పిలుపుల గురించి ప్రచురించిన వ్యాసంతో అది మొదలైంది. ఒక టికెట్ కిటికీ దగ్గర మనిషికి సగటున 1 నిమిషం పడుతుందనుకుందాం. జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, కొందరికి ఎక్కువసేపు, కొందరికి తక్కువసేపు పడుతుంది. కిటికీలోని మనిషికి సగం వేళ మాత్రమే పని ఉంటే, మీరు సగటున 1 నిమిషం నిలబడాలి. నూటికి 90 వంతుల వేళ పని ఉంటే 9 నిమిషాలు. 95 వంతులైతే 19 నిమిషాలు! చూశారా, పని పెరిగింది కొంచెమే, ఎదురుచూపు రెట్టింపు దాటింది. ఖాళీ అంటే దండుగ అనుకుంటాం గానీ, ఆలస్యాన్ని మింగేది ఆ ఖాళీయే.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు డిస్నీ వరల్డ్‌లో 1999లో ఒక పద్ధతి పెట్టారు. చీటీ తీసుకుని, అందులో రాసిన వేళకు తిరిగివస్తే పొడవైన వరుసలో నిలబడనక్కరలేదు. తర్వాతి ఏళ్ళలో అది ముదిరి, ఏ ఆట ఏ గంటకు ఎక్కాలో 30 రోజులు, 60 రోజులు ముందే ఎంచుకునేదాకా వచ్చింది. రెండు నెలల తర్వాత మంగళవారం మధ్యాహ్నం తనకు ఏ ఆట ఆడబుద్ధవుతుందో ఏ పిల్లవాడు చెప్పగలడు? 2021లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు.

అలాగని "వెళ్ళాక చూద్దాంలే" అనే పెద్దమనుషుల వాటం కూడా నాకు నచ్చదు. వాళ్ళు గేటు దగ్గర అరగంట వాదులాడుకుని, ఆకలివేసినప్పుడు అన్నం దొరికే చోటు వెతుక్కుంటారు. మనకోసం ఆగనివాటిని ముందే రాసుకోవాలి: తిరుగు బస్సు వేళ, భోజనం, తరగతి అంతా చేతులెత్తి ఎన్నుకున్న ఒకటి రెండు ప్రదర్శనలు. తక్కినదాంట్లో కనీసం ఒక గంట తెల్లగా వదలాలి. పిల్లలు తప్పిపోతారని మీ సారు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే అయిదుగురు చొప్పున జట్టు, జట్టుకొక గడియారం, కలుసుకునే చోటు ఒకటి, వెంట ఒక పెద్దవారు.

ఆ గంటలో ఏ ఆట ఎక్కాలో అప్పటికప్పుడు తేల్చుకోవడానికి ఒక చిన్న లెక్క చెబుతాను. వరుస దగ్గర నిలబడి, 5 నిమిషాల్లో ఎంతమంది లోపలికి పోతున్నారో లెక్కించండి. 20 మంది అనుకోండి. మీ ముందు 80 మంది ఉన్నారు. అంటే నాలుగు అయిదులు 20 నిమిషాలు. ఈ లెక్క వెనకున్న సూత్రానికి 1961లో నిరూపణ ప్రచురించిన జాన్ లిటిల్ పేరే పెట్టారు. 20 నిమిషాలు ఆ ఆటకు ఇవ్వవచ్చునా, లేక కోట వెనక్కి వెళ్ళి ఆ గోనెగుడ్డ సంగతి చూడవచ్చునా? అది మీ జట్టే తేల్చుకోవాలి.

యాత్రకు ముందు ఈ పేజీ మీ సారుకు చూపించండి. గంట ఇవ్వనంటే అరగంట అడగండి.