బదులు అడగని ప్రేమ

1869వ సంవత్సరం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, రీడింగ్ పట్టణం. లూథరన్ చర్చి పెద్దలంతా కొలువుదీరారు. ఎక్కడో సముద్రాల అవతల, గోదావరి ఒడ్డున రాజమండ్రిలో ఉన్న తమ మిషన్‌ని ఏంచేయాలన్నది చర్చ. పంపడానికి మనుషుల్లేరు. నడపడానికి డబ్బుల్లేవు. ఇంకో సంఘానికి అప్పగించేసి చేతులు దులుపుకుందామన్న నిర్ణయం దాదాపు ఖాయమైపోయింది.

అప్పుడు లేచాడు ఓ ముసలాయన. పేరు క్రిస్టియన్ హయ్యర్. వయసు 76. అంతకుముందే గుంటూరు ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళినవాడు. తెలుగు తెలిసినవాడు. ఇక్కడి ఎండా తెలుసు, ఇక్కడి జ్వరాలూ తెలుసు. అయినా సరే, అప్పగించొద్దని, తాను వెళ్తానని చెప్పాడు. చెప్పడమే కాదు, పెట్టె కూడా సర్దుకునే వచ్చాడని చెప్పుకుంటారు. ఆ ఏడాది చివరికల్లా ఆయన రాజమండ్రిలో ఉన్నాడు!

మనవలతో ఆడుకోవాల్సిన వయసులో అంతదూరం ఎందుకొచ్చినట్టు? పదవి కోసమా? అంతకన్నా పెద్దవే చూశాడు. డబ్బు కోసమా? లేకే కదా మిషన్ మూసేద్దామన్నారు. పేరు కోసమా? ఇవాళ రాజమండ్రి వీధుల్లో నిలబడి ఆ పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు?

లెక్కలు వేసుకునేవాళ్ళకి అర్థంకాని ప్రేమ ఒకటుంటుంది. గోదావరి డెల్టాలో ఆ ప్రేమ అడుగుజాడలు చాలానే ఉన్నాయి.

తాపీమేస్త్రీ... చెప్పులు కుట్టే ఆయన

హయ్యర్ రాజమండ్రి చేరడానికి 33 ఏళ్ళ ముందే, 1836లో, ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం నుంచి రెండు జంటలు ఓడెక్కాయి. ఒకరు విలియం బౌడెన్. రాళ్ళతో గోడలు కట్టే మేస్త్రీ. రెండోవారు జార్జ్ బీర్. చెప్పులు కుట్టే వృత్తి. ఇద్దరి భార్యల పేర్లూ ఎలిజబెత్తే. నెలనెలా జీతం పంపే సంఘమంటూ వీళ్ళ వెనక లేదు. ఎవరైనా పంపితే తినాలి, లేకపోతే పస్తు. ముందు బందరు, ఆ తరవాత నరసాపురం. గోదావరి డెల్టా మిషన్ అని చరిత్ర పుస్తకాల్లో కనిపించేది వీళ్ళు మొదలుపెట్టిన పనే.

వాళ్ళు వచ్చేనాటికి గోదావరి ఇప్పటి గోదావరి కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. పూర్తయింది 1852లో. అంతకుముందు ఈ నేలకి వస్తే వరద, రాకపోతే కరువు. అలాంటి చోట చెప్పులు కుట్టుకునే ఓ తెల్లాయన కాపురం పెట్టాడంటే ఊళ్ళోవాళ్ళు ఎంత వింతగా చూసి ఉంటారో! పరిపాలించే దొరల రంగే కానీ, చేసే పని చూస్తే మన పేటల్లోని మనిషి.

తలుపు చాటు నొప్పులు

ఆ తరవాత ఆడవాళ్ళు వచ్చారు. పెళ్ళిళ్ళు చేసుకోకుండా, ఒంటరిగా. 1890లో ఆగ్నెస్ షేడ్, కేట్ శాడ్‌లర్ రాజమండ్రి చేరారు. 1895లో డాక్టర్ లిడియా వర్నర్ వచ్చింది. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి డాక్టరంటేనే వింత. అందులోనూ మగ డాక్టరు ఎదుటికి రావడం తప్పని నమ్మే ఘోషా ఇళ్ళు ఎన్నో. కాన్పు కష్టమైతే మంత్రసాని, ఆమె చేతిలో కాకపోతే దేవుడు. తల్లీబిడ్డా దక్కితే అదృష్టం, దక్కకపోతే తలరాత. ఆ తలుపులు లిడియాకి తెరుచుకున్నాయి. ఆమె మగవాడు కాదు కాబట్టి తెరుచుకున్నాయి. పిలిచిన ఇంటికి వెళ్ళింది కాబట్టి మళ్ళీ తెరుచుకున్నాయి. 1911 నాటికి రాజమండ్రిలో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఒక ఆస్పత్రి నిలబడింది.

నొప్పులు పడుతున్న మనిషికి కులం ఉండదు. పుట్టబోయే బిడ్డకి మతం ఉండదు. ఆస్పత్రి గోడల మధ్య ఈ రెండు సంగతులూ తెలిసినంత బాగా బయట తెలియవు!

తాకితే చాలు!

అయితే ప్రేమకి అసలు పరీక్ష కాన్పుగది కాదు. బిడ్డ ఏడుపు వింటే ఎవరైనా నవ్వుతారు. అసలు పరీక్ష కుష్ఠు. మన పెద్దలు పేరెత్తడానికి కూడా భయపడి ‘పెద్దరోగం’ అన్నది దీన్నే.

ఆ రోగం సోకిందంటే ఊరు వెలేసేది. ఇల్లు వెలేసేది. కట్టుకున్నవాళ్ళూ కన్నవాళ్ళూ వదిలేసేవాళ్ళు. చేసిన పాపమే ఇలా పండిందన్న మాట అదనం. అంటే రోగికి ఒంట్లో బాధ, బయట వెలి, మనసులో నేరం... మూడు శిక్షలు.

20వ శతాబ్దం ఆరంభానికి అటూఇటూగా రామచంద్రపురంలో కుష్ఠు రోగుల కోసం ఒక ఆశ్రయం వెలిసింది. కెనడా బాప్టిస్టు మిషన్‌కి చెందిన ఇసబెల్ హాచ్ అనే మహిళ దాని వెనక ఉంది. అప్పటికి ఈ రోగానికి మందే లేదు. నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని 1873లోనే కనిపెట్టాడు కానీ, డాప్సోన్ మాత్ర వాడకంలోకి వచ్చింది 1940ల్లో. ఇప్పుడు వాడుతున్న బహుళ ఔషధ చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది 1981లో. అంటే హాచ్ దగ్గర నయంచేసే మందు లేదు. నయమవుతుందన్న ఆశ లేదు. తన దగ్గరకి వచ్చినవాడు బతికి, బాగుపడి, తిరిగి ఏదో చేస్తాడన్న లెక్క అసలే లేదు. ఉన్నదల్లా రెండు చేతులు. కట్టు కట్టడానికి, అన్నం పెట్టడానికి.

కుష్ఠు ఏంచేస్తుందో తెలిస్తేనే ఆ చేతుల విలువ తెలుస్తుంది. ఆ క్రిమి నరాల మీద పడుతుంది. చేతికీ కాలికీ స్పర్శ పోతుంది. పొయ్యిమీది గిన్నె పట్టుకుంటే కాలుతున్నట్టు తెలియదు. కాల్లో ముల్లు దిగితే దిగినట్టు తెలియదు. నొప్పి లేకపోవడమే వీళ్ళకి శాపం. వేళ్ళు అరిగిపోవడానికి రోగం ఒక్కటే కారణం కాదనీ, తెలియకుండా తగిలే ఈ దెబ్బలదే పెద్ద పాత్ర అనీ వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ లోకానికి చూపించాడు. మందులు వాడి క్రిమి చచ్చినా పోయిన స్పర్శ చాలామందికి తిరిగిరాదు. అందుకే రోజూ కాళ్ళు నీళ్ళలో నానబెట్టాలి. గట్టిపడిన చర్మం గీకాలి. నూనె రాయాలి. పుండేమైనా ఉందేమో వెతకాలి. మెత్తటి రబ్బరు చెప్పులు తొడగాలి. రేపూ ఇదే పని. ఎల్లుండీ ఇదే పని.

గుడ్ ఫ్రైడే ముందురోజు చర్చిల్లో ఒక ఆచారం ఉంది. ఏసు శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టాన్ని గుర్తుచేసుకుంటూ ఫాదర్‌లు కొందరి కాళ్ళు కడుగుతారు. అక్కడ అది ఏడాదికి ఒక్కరోజు. కుష్ఠు ఆస్పత్రుల్లో అది ప్రతిరోజూ!

షరతు ఉంటే బేరమే

ఇక్కడో ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే. వీళ్ళంతా మతం మార్చడానికే కదా వచ్చింది? అలాంటప్పుడు అది షరతుల్లేని ప్రేమ ఎలా అవుతుంది?

దాచాల్సిన పనిలేదు. వాళ్ళు తమ దేవుణ్ణి గురించి చెప్పడానికే వచ్చారు. వినేవాళ్ళు నమ్మాలని కోరుకున్నారు కూడా. కానీ కోరుకోవడం వేరు, షరతు పెట్టడం వేరు. కట్టు కట్టేముందు ఒప్పుకోమంటే అది బేరం. కట్టు కట్టాక గుర్తుచేస్తే అది వడ్డీ వసూలు. ఒప్పుకోని మనిషి పుండుని రేపూ అంతే మెత్తగా కడిగితే... అది ప్రేమ. ఏ మిషన్‌నైనా, ఏ సంస్థనైనా, ఆమాటకొస్తే ఏ మతాన్నైనా తూచాల్సిన తూనికరాయి ఇదే. ఈ తూకానికి అందరూ నిలబడ్డారని ఎవరూ అనలేరు.

ఏసు చెప్పిన మంచి సమరయుడి కథ క్రైస్తవులకే కాదు, బళ్ళో చదువుకున్న చాలామందికి తెలుసు. దొంగలు కొట్టి పడేసిన మనిషిని పూజారి చూసి పక్కనుంచి పోతాడు. లేవీయుడూ పోతాడు. యూదులకి గిట్టని జాతివాడైన సమరయుడు ఆగుతాడు. గాయాలకి నూనె రాసి, సత్రంలో చేర్చి, ఖర్చు తానే పెట్టుకుంటాడు. ఆ కథలో ఒక విశేషం ఉంది. గాయపడ్డ మనిషి ఒక్క మాటా మాట్లాడడు. కృతజ్ఞతలు చెప్పడు. పేరు చెప్పడు. సమరయుడు అడగనూ అడగడు.

గోదావరి జనానికి ఈ కథ కొత్తగా నేర్పక్కర్లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) చేసింది ఇదే కదా! ఏ వేళ వచ్చినా, ఎవరొచ్చినా విస్తరి వేసింది. ఆమె ఇంట్లో ఆకలే గుర్తింపు కార్డు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. ఆమె వెలిగించిన పొయ్యి వెనకా, హాచ్ కట్టిన కట్టు వెనకా ఉన్న దేవుళ్ళు వేరు కావచ్చు. తినేవాడి కులం, పుండు పడ్డవాడి మతం మాత్రం ఇద్దరూ అడగలేదు.

క్షమించడం ఇంకా కష్టం

సేవ చేసేవాళ్ళని జనం మెచ్చుకుంటారు. మరి తిరిగి దెబ్బకొడితే? పక్కనున్న ఒడిశాలో ఆ పరీక్ష కూడా జరిగింది. మయూర్‌భంజ్‌లో కుష్ఠు రోగుల మధ్య పనిచేస్తున్న ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహం స్టెయిన్స్‌నీ, పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతిలనీ 1999 జనవరి 22 అర్ధరాత్రి మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతుండగా, ఒక మూక సజీవదహనం చేసింది. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పింది. నేరానికి శిక్ష వేయడం చట్టం పని, పగ పెట్టుకోకపోవడం తన పని అన్నట్టు నిలబడింది. కూతుర్ని తీసుకుని వెంటనే స్వదేశానికి పోలేదు. 2004 దాకా ఆ రోగుల మధ్యే ఉంది. 2005లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

మాటలతో క్షమించడం ఒక ఎత్తు. క్షమించి, అదే ఊళ్ళో, అదే రోగుల కాళ్ళకి కట్లు కట్టించడం ఇంకో ఎత్తు.

అక్కడ బల్లలు ఖాళీ... ఇక్కడ?

బౌడెన్, బీర్‌లని పంపిన ఇంగ్లండ్‌లో ఇవాళ పరిస్థితి వేరు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్లో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్ళు 46.2 శాతం. సగంకన్నా తగ్గడం అదే మొదటిసారి. ఏ మతమూ లేదన్నవాళ్ళు 37.2 శాతం.

మనకి ఆ బెంగ లేదనుకోవచ్చు. పుష్కరాలకి ఘాట్లు చాలవు. ఆదివారం చర్చిల్లో కుర్చీలు చాలవు. కానీ లౌకికం ఇంకో దారిలో వచ్చి మన నడింట్లో కూర్చుంది. డెల్టా ఊళ్ళలో పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే, పెద్ద మేడల్లో ముసలి ప్రాణాలు వీడియో కాల్ కోసం ఎదురుచూస్తున్నాయి. సేవకి నెలజీతం. పలకరింపుకి టైమ్ లేదు. ఆస్పత్రిలో అడ్మిషన్‌కి ముందు అడ్వాన్స్. దేవుడు ఉన్నాడన్నవాళ్ళూ లేడన్నవాళ్ళూ ఒకే లెక్కల పుస్తకం రాస్తున్నారు.

అలాంటి సమాజంలో ప్రసంగాలు ఎవరు వింటారు? మైకు ఎంత పెంచినా పక్కింటివాడికి విసుగే తప్ప వినికిడి కాదు. చూసేది ఒక్కటే. వీధి చివర మంచాన పడ్డ ముసలమ్మ పక్కబట్టలు ఎవరు మార్చారు? ఆమె ఏ గుడికి వెళ్తుందో అడక్కుండా మార్చారా? 2020, 2021ల్లో కరోనా ఊళ్ళమీద పడ్డప్పుడు సొంతవాళ్ళే శవాన్ని ముట్టుకోవడానికి భయపడ్డారు. నూరేళ్ళ కిందటి కుష్ఠు భయం మళ్ళీ లేచొచ్చింది. అప్పుడు ముందుకొచ్చి పాడె మోసిన కుర్రాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. ఏ మతమూ పట్టనివాళ్ళూ ఉన్నారు. ఆ నాలుగు భుజాలూ ఏ మతానివని పాడెమీద మనిషి అడగలేదు.

క్రైస్తవుల ఇంటి లెక్కలూ కొన్ని తేలాలి. ఒకే దేవుడి బిడ్డలమని పాడుకునే చోట కులం చూసి పెళ్ళి, కులం చూసి పెత్తనం ఇంకా పోలేదు. బయటవాణ్ణి ప్రేమించడం కన్నా పక్క బల్లమీది తనవాణ్ణి ప్రేమించడమే కొన్నిసార్లు కష్టం. అక్కడ షరతు పెట్టుకుని, వీధిలో షరతుల్లేని ప్రేమ గురించి చెబితే ఎవరు నమ్ముతారు?

చట్టం మారింది... చెయ్యి?

కుష్ఠు రోగుల్ని నిర్బంధించడానికి తెల్లవాళ్ళు 1898లో చేసిన చట్టం మన దేశంలో రద్దయింది 2016లో! భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు తీసుకునే వెసులుబాటు పోయింది 2019లో. మందు వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రోగం ఇంకొకరికి సోకడం ఆగిపోతుందని తెలిసి కూడా చట్టానికి అన్నేళ్ళు పట్టింది. మనసుకి ఇంకెన్నేళ్ళు పడుతుందో!

మందులేని రోజుల్లో భయం లేకుండా ముట్టుకున్న చేతులు కొన్ని ఈ గోదావరి గడ్డమీద ఉండేవి. ఇప్పుడు మందుంది. ప్రతి తరానికీ దాని ‘పెద్దరోగం’ దానికి ఉంటుంది. ఒకప్పుడు కుష్ఠు. ఆ తరవాత ఎయిడ్స్. నిన్న కరోనా. ఇవాళ ఒంటరితనం. దీనికి ఏ మందుల షాపులోనూ మాత్ర దొరకదు. మళ్ళీ ఆ రెండు చేతులే కావాలి.

76 ఏళ్ళ వయసులో పెట్టె సర్దుకుని సముద్రాలు దాటొచ్చాడు హయ్యర్. మనం దాటాల్సింది ఒక వీధి. ఒక్కోసారి... ఒక్క గడప.