నర్సులకు డాక్టరు పట్టమేల?

మా పాఠశాలలో పై తరగతుల బాలికలలో నర్సు విద్య నభ్యసింప గోరువారు ఏటేట కొందఱుందురు. వారి తల్లిదండ్రులు కొందఱు మమ్ము నొక ప్రశ్న యడుగుచున్నారు. అమెరికాలో నర్సులు సయితము డాక్టరు పట్టమునకు చదువుచున్నారట. రోగికి వేళకు మందు త్రాగించి, మంచము సర్దుటకు పట్టమేల? అని. అడుగదగిన ప్రశ్నయే. కాని నర్సు పని యంతయు నంతటితో ముగియునని వారు తలంచుట సరికాదు.

ఆ దేశమున నర్సులకు డాక్టరు పట్టములు ముఖ్యముగా రెండు విధములు. క్రొత్త విషయములను పరిశోధించువారికి పిహెచ్.డి.; రోగుల నడుమనే నిలిచి పనిచేయువారికి డి.ఎన్.పి. యనబడు డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్. కెంటకీ విశ్వవిద్యాలయము 2001లో ఈ రెండవదానిని ఆరంభించెను. ఉన్నతశ్రేణి నర్సులందఱికిని 2015 నాటికి డాక్టరు పట్టమే విధిగా నుండవలెనని అక్కడి నర్సింగ్ కళాశాలల సంఘము 2004లో కోరెను. ఆ గడువు దాటినది గాని కోరిక పూర్తిగా నెఱవేఱలేదు. మాస్టరు పట్టముతో నర్సు ప్రాక్టీషనరు లగువారు నేటికిని కలరు. మత్తుమం దిచ్చు నర్సుల విషయమున మాత్రము, 2022 జనవరి మొదలుకొని క్రొత్తగా చేరువా రందఱును డాక్టరు పట్టమునకే చదువవలసియున్నది.

ఈ చదువులో పెద్దల పర్యవేక్షణ క్రింద 1000 గంటలైనను రోగుల సేవలో గడుపవలెను. తుదకు వైద్యశాలలోని యొక నిజమైన లోపమును చేపట్టి, దానిని సవరించి, ఫలితమును లెక్కలతో చూపవలెను. కదలలేని రోగి వీపున పడు పుండ్లనే తీసికొందము. అట్టి రోగిని వేళ తప్పక ప్రక్కకు త్రిప్పుచుండవలెనని ప్రతి నర్సును ఆరంభముననే నేర్చును. ఐనను పుండ్లు పడుచునే యున్నవి. ఏల? రాత్రివేళ వార్డంతటికి నొక్కతెయే యుండవచ్చును. త్రిప్పిన వేళ వ్రాయు కాగితము లేకపోవచ్చును. బరువైన రోగి నొక్కతె త్రిప్పజాలక యూరకుండవచ్చును. పరుపే పలుచనిది కావచ్చును. వీనిలో నేది కారణమో కనుగొని, వార్డు పద్ధతిని మార్చి, కొన్ని నెలలు గడచిన పిమ్మట పుండ్లు ఎన్ని తగ్గినవో లెక్కించుట అప్పగింత పాఠము వంటిది కాదు. దీనికి శరీరశాస్త్రము కావలెను, గణితము కావలెను, పైయధికారితో నోపికగా వాదించు నేర్పును కావలెను. లెక్కలు నర్సులకేల యని మా తరగతిలో మూతి ముడుచుకొను బాలికలు ఈ మాటను రెండు మాఱులు చదువుదురు గాక!

ఉపాధ్యాయులమగు మాకు ముచ్చట గొలుపు సంగతి మఱియొకటి. అమెరికాలో నర్సుల యున్నత విద్యకు తొలుత చోటిచ్చిన వానిలో న్యూయార్కులోని కొలంబియా ఉపాధ్యాయ కళాశాల యొకటి. 1899లో అచట నర్సులకు పాఠములు మొదలైనవి. 1907లో అడిలైడ్ నట్టింగ్ అను నర్సు అందే ఆచార్యురాలయ్యెను. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను వైద్యుడును కలిసి, వైద్యులు చాలని చోట్ల బిడ్డలను పరీక్షించుటకు నర్సులను తీర్చిదిద్దిరి. నర్సు ప్రాక్టీషనరు లనువారు అట్లు పుట్టిరి. నేడు అక్కడి రాష్ట్రములలో సగమునకు పైగా వారు వైద్యుని యజమాయిషీ లేకయే మందులు వ్రాయుచున్నారు.

డాక్టరను పేరు విని రోగులు భ్రమపడుదురని కొందఱు వైద్యులు ఆక్షేపించుచున్నారు. ఈ యాక్షేపణ తోసివేయదగినది కాదు. పట్టము పొందిన నర్సు తన పేరుతోపాటు తాను నర్సునని మొదటనే చెప్పుట మేలని మా యభిప్రాయము. నర్సునని చెప్పుకొనుటకు సిగ్గుపడునామె ఆ చదువు చదువనేల?

మన దేశమున నర్సింగులో బి.ఎస్.సి. పట్టమునకు చదువు 1946లో ఢిల్లీలోను వెల్లూరులోను మొదలైనది. తీవ్రవ్యాధిగ్రస్తుల సేవకై నర్సు ప్రాక్టీషనరులను తయారుచేయు రెండేండ్ల విద్యను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రవేశపెట్టినది. చదువునకు తగిన యధికారమును జీతమును ఇయ్యక పట్టములు మాత్రము పెంచుట, బండి కొనకయే యెద్దులకు గంటలు కట్టుట వంటిది.

బి.ఎస్.సి. ముగిసిన వెంటనే డి.ఎన్.పి.లో చేర్చుకొను కళాశాలలును అమెరికాలో కలవు. ఆ తొందర మాకు రుచింపదు. రాత్రి కాపు కాయని నర్సు వార్డులోని లోపము నెట్లు కనుగొనును? అచటికి పోగోరు బాలికలు ఇక్కడ నాలుగేండ్ల చదువును, కొన్నియేండ్ల వార్డు పనిని ముగించి, అచటి లైసెన్సు పరీక్షయగు ఎన్‌క్లెక్సుకు సిద్ధపడవలెను. రుసుము మిక్కిలి యెక్కువ. అప్పు చేయకముందే ఆ లెక్క తండ్రి యెదుట నుంచి, తీర్చు మార్గమును సయితము వ్రాసి చూపవలెను.