కొనక్కర్లేదు... కాపీ కొట్టక్కర్లేదు!

ప్రొద్దుటూరులో రాత్రి అంగడి మూశాక లెక్కలు చూసుకునే ఇల్లు ఒకటి. జమ్మలమడుగులో గండికోట ఫొటోలతో నిండిపోయిన కంప్యూటరు ఒకటి. పులివెందులలో అన్న ఉద్యోగానికి వెళ్తూ తమ్ముడికి వదిలిపెట్టిన పాత డెస్క్‌టాప్ ఒకటి. అవసరాలు వేరైనా ఇబ్బంది ఒకటే. సాఫ్ట్‌వేర్ కొందామంటే ఖర్చు. తెలిసినవాళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చే 'క్రాక్' కాపీ వేసుకుందామంటే వైరస్ భయం. అలా చొరబడే వైరస్‌లలో కొన్ని ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులడుగుతాయి. ఏడాది లెక్కలూ, పెళ్లి ఫొటోలూ ఒక్క పూటలో చేజారిపోతాయి.

మూడో దారి ఒకటుంది. అదే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. దీన్ని ఉచితంగా తెచ్చుకోవచ్చు, పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు. తప్పేమీ కాదు, లైసెన్సే ఆ అనుమతి ఇస్తుంది.

లెక్కలకూ, ఉత్తరాలకూ...
లిబ్రేఆఫీస్. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి మొదలైంది. ఇందులోని 'రైటర్' ఉత్తరాలకు, 'కాల్క్' అంగడి జమాఖర్చులకు, 'ఇంప్రెస్' పిల్లల ప్రాజెక్టులకు పనికొస్తాయి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను కూడా తెరుస్తుంది. కాకపోతే మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లు ఒక్కోసారి సరిగా పనిచేయవు. ముఖ్యమైనవాటిని ముందుగా సరిచూసుకోవాలి.

ఫొటోలకూ, వీడియోలకూ...
గండికోట లోయలో పెన్నమ్మ ఫొటో కాస్త చీకటిగా వచ్చిందా? వెలుగు పెంచడానికి, అనవసరమైన అంచులు కత్తిరించడానికి 'గింప్' ఉంది. మొదట్లో కొంచెం కష్టంగా అనిపించినా నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. ఏ వీడియో అయినా చూడ్డానికి 'వీఎల్‌సీ' చాలు. 1996లో పారిస్ విద్యార్థులు చదువులో భాగంగా మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. జిప్ ఫైళ్లు విప్పడానికి '7-జిప్' చిన్నదీ, చురుకైనదీ.

పాత కంప్యూటరుకు...
విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు సరిపోవు. అంతమాత్రాన వాటిని తుక్కుకు వేయనక్కర్లేదు. 'లినక్స్ మింట్' వేసుకుంటే 4 జీబీ ర్యామ్‌తోనే బ్రౌజింగ్, చదువు పనులు సాగిపోతాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. ప్రింటరు, వైఫై పనిచేస్తున్నాయనిపిస్తేనే ఎక్కించుకోండి. ఒక్క విషయం. విండోస్ కోసం తయారైన ప్రోగ్రాములు చాలావరకు ఇందులో నేరుగా నడవవు. అంగడి లెక్కలు అలాంటి ప్రోగ్రాములో ఉంటే ఆ కంప్యూటరు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తెలుగుకు...
డీటీపీ అంగట్లో పాత ఫాంట్లతో కొట్టించిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో గజిబిజి అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో రాస్తే ఫోనులోనైనా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు. ఒంటిమిట్టవాళ్లు తమవాడని చెప్పుకునే పోతన పేరుతో 'పోతన 2000', వేమన పేరుతో 'వేమన 2000' యూనికోడ్ ఫాంట్లున్నాయి. వీటిని రూపొందించింది తిరుమల కృష్ణ దేశికాచార్యులు. రెండూ ఉచితమే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ ఉంటుంది. సెట్టింగుల్లో ఎంచుకుంటే చాలు.

మూడు జాగ్రత్తలు
* సాఫ్ట్‌వేర్‌ను దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల్లోని 'డౌన్‌లోడ్' బొమ్మలు నొక్కొద్దు.
* ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డబ్బులడిగితే అనుమానించండి. ఇక్కడ చెప్పినవాటిలో ఏదీ అడగదు. ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు, అంతే.
* లినక్స్ ఎక్కించేముందు ఫొటోలు, లెక్కలు వేరే డిస్కులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. డిస్కు ఒకసారి తుడిచేశాక పాత ఫైళ్లు తిరిగొస్తాయన్న నమ్మకం లేదు.

అన్నీ ఒక్కరోజే మార్చేయాలని లేదు. ఈ ఆదివారం క్రాక్ కాపీ ఒకటి తీసేసి, దాని చోట లిబ్రేఆఫీస్ పెట్టి చూడండి. రేపు తమ్ముడు ప్రాజెక్టు రాసుకున్నా, నాన్న లెక్కలు వేసుకున్నా ఎవరికీ భయపడే పని ఉండదు.