జన్యు పరీక్ష ముందుగా కావాల్సింది పాలమూరు రోగికే

తలలో గడ్డ అని తేలి, గద్వాల నుంచి హైదరాబాద్‌కో కర్నూలుకో మనిషిని తీసుకెళ్లిన కుటుంబం డాక్టరును మొదట అడిగేది ఒక్కటే: ఎన్నాళ్లు బతుకుతాడు సార్? అది గ్లయోబ్లాస్టోమా అనే మొండి మెదడు క్యాన్సర్ అయితే మైక్రోస్కోపు ఒక్కదాన్నే నమ్ముకుని జవాబు చెప్పే రోజులు పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మెదడు కణితుల వర్గీకరణను మార్చింది. పెద్దవాళ్లలో ఐడీహెచ్ జన్యువులో మార్పు లేని కణితికే ఇప్పుడు ఆ పేరు. మార్పు ఉంటే అది వేరే జబ్బు. 2009లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, పాత లెక్కన గ్లయోబ్లాస్టోమా అనిపించుకున్న రోగుల్లోనే ఈ మార్పు ఉన్నవాళ్లలో సగం మంది 31 నెలలు దాటి బతికారు. లేనివాళ్లలో సగం మంది 15 నెలలకే పోయారు.

రెండో గుర్తు ఎంజీఎంటీ. టెమోజోలమైడ్ మాత్ర కణితి కణాల డీఎన్ఏను దెబ్బతీస్తే, ఎంజీఎంటీ ప్రోటీన్ ఆ దెబ్బను బాగుచేసేస్తుంది. కొందరి కణితుల్లో మిథైలేషన్ అనే రసాయన మార్పు వల్ల ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మూగబోతుంది. అప్పుడే మందు బాగా పనిచేస్తుంది. 2005లో వచ్చిన ఫలితాల్లో రేడియేషన్‌తో పాటు ఈ మాత్రలు వాడినవారిలో, జన్యువు మూగబోయినవాళ్లలో 46 శాతం మంది రెండేళ్లు దాటారు. మిగతావాళ్లలో దాటింది 14 శాతమే.

పరీక్ష చేసినా చేయకపోయినా ఇచ్చేది అదే మందు కదా అని కొందరు డాక్టర్లే అంటారు. వయసు తక్కువ ఉన్నవారి విషయంలో ఆ మాటలో నిజముంది. ఎంజీఎంటీ మూగబోకపోయినా వాళ్లకు అంతకన్నా మంచి మందు లేదు గనుక అదే రాస్తారు. కానీ ముసలివాళ్ల సంగతి వేరు. యూరప్‌లో జరిగి 2012లో వెలువడిన రెండు క్లినికల్ ట్రయల్స్ ఒక దారి చూపాయి: మిథైలేషన్ ఉంటే వృద్ధులకు మాత్రలతోనే నెట్టుకురావచ్చు. లేకపోతే మాత్రల కన్నా రేడియేషనే మేలు. వారాల తరబడి, వారానికి ఐదు రోజులు రేడియేషన్ (కరెంటు) పెట్టించుకోవడానికి గద్వాల వైపు నడిగడ్డ రైతు హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోవాలి, తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండాలి. పత్తి విత్తన చేలల్లో చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ సాగే రోజుల్లో ఒక మనిషి తగ్గితే ఆ ఏటి ఆదాయమే దెబ్బతింటుంది. ఇంట్లోనే మాత్రలు వేసుకుంటే సరిపోయే పెద్దాయనను లాడ్జిలో ఎందుకు పెట్టాలి? మాత్రలు పెద్దగా పనిచేయని కణితి ఉన్నాయన కోసం అప్పు చేసి వాటిని ఎందుకు కొనాలి? ఇది డబ్బున్నవాళ్ల ఆస్పత్రుల హంగు అనే వాదనను అందుకే నేను ఒప్పుకోను. ఉన్నవాడు అన్నీ చేయించుకోగలడు. లేనివాడికే ఏది వదిలేయాలో తెలియాలి.

ఆ లేనివాడి కోసమే వచ్చిన ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో, పాలమూరుగా పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు ఆ జిల్లాలోవే. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితి పది లక్షలకు పెరిగింది. మెదడు కణితి ఆపరేషన్ ప్యాకేజీలోనే ఈ రెండు పరీక్షలూ ఉండేలా నిబంధన రాయాలి. ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు తొంభై శాతం ఒకే రకానివి. వాటిని యాంటీబాడీ రంగుతో గాజుపలక మీదే పట్టవచ్చు. అందులో దొరక్కపోతే, 55 ఏళ్ల లోపువారికి మాత్రం జన్యువును పూర్తిగా చదివించాలి. ఎంజీఎంటీకి పెద్ద ల్యాబ్ కావాలి. అంత మాత్రాన రోగి కదలక్కర్లేదు, మైనపు బ్లాకులో భద్రపరిచిన కణితి ముక్క కదిలితే చాలు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచీ, గద్వాలలో 2024 నుంచీ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడి పాథాలజీ విభాగాలు ఆ బ్లాకులను తీసుకుని ల్యాబ్‌కు పంపి, వచ్చిన రిపోర్టును కుటుంబానికి తెలుగులో వివరించే బాధ్యత తీసుకోవచ్చు.

మంచి గుర్తు ఉన్న రోగీ త్వరగా పోవచ్చు, లేనివాడూ ఏళ్లు బతకవచ్చు. డాక్టరు ఆ మాట కూడా చెప్పాలి. పొలం అమ్మే ముందు ఆ కుటుంబానికి రెండు వైపులూ తెలియాలి. ప్రభుత్వం కదిలేలోపు ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది: ఆపరేషన్ చేసిన ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ బ్లాకునూ అడిగి తెచ్చుకోవడం.